నీళ్ళు పోగొట్టి, మళ్ళీ నీళ్ళు పోసి

(ఇంట్లో గ్రేవీ చేసుకోవడం గురించి ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాలులో, పక్కన పొయ్యి పెట్టుకుని చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్ళు ముందుకు రండి. అక్కడ కూర్చుంటే మాట వినిపిస్తుంది గాని వాసన అందదు. ఇవాళ వాసన అందకపోతే సగం ప్రసంగం పోయినట్టే.

నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పాను. వంట గురించి మాట్లాడమని వీళ్ళు పిలిచినప్పుడు ముందు నవ్వొచ్చింది. ఎందుకు పిలిచారో తర్వాత తెలిసింది. మా వీధిలో గదులు అద్దెకు తీసుకుని ఉండే పిల్లలు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, వారానికొకరు మా గుమ్మం ముందుకు వచ్చి ఒకే ప్రశ్న అడుగుతారు. "మేడమ్, అన్నీ వేశాం. ఉల్లిపాయ వేశాం, టమాటా వేశాం, మసాలా వేశాం. గ్రేవీ మాత్రం రాలేదు. ముక్కలు ఒకవైపు, నీళ్ళు ఒకవైపు." ముక్కలు ఒకవైపు, నీళ్ళు ఒకవైపు! ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఆ నీళ్ళ గురించే ఇవాళ నేను మాట్లాడేదంతా.

బల్ల మీద ఏమున్నాయో చూడండి. అర కిలో ఎర్ర ఉల్లిపాయలు, సన్నగా తరిగినవి. ఆ గిన్నెలో వంద గ్రాముల నూనె. ఈ చిన్న జాడీలో ఉన్న ముద్ద సంగతి తర్వాత చెబుతాను, ఇప్పుడే మూత తీయకండి. చిన్న నిమ్మకాయంత చింతపండు, నానబెట్టి పిసికి గుజ్జు తీసింది. ఫ్లాస్కులో కాగిన నీళ్ళు. మిగతావి పోపుల పెట్టెలో ఉన్నాయి. ఇదిగో, ఈ మూకుడు అడుగు మందంగా ఉంది. పలచటి గిన్నె తెచ్చుకుంటే మాత్రం గరిటె తిప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి.

బాబూ, నీలిచొక్కా, నువ్వు రా. వంట వచ్చా? రాదా? మరీ మంచిది. గరిటె పట్టుకో. నేను చెప్పినప్పుడు తిప్పు, చెప్పనప్పుడు తిప్పకు. ఇంతే నీ ఉద్యోగం.

నూనె కాగింది. ఉల్లిపాయలు వేస్తున్నాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడకండి, వినండి.

విన్నారా ఆ చుయ్ మన్న మోత? అది నూనె చేసే మోత కాదు. ఉల్లిపాయలో ఉన్న నీళ్ళు ఆవిరై పైకి వస్తున్న మోత. ఈ మోతను గుర్తు పెట్టుకోండి. ఇంకో ఇరవై నిమిషాలకు ఇది ఎలా మారుతుందో మళ్ళీ వినిపిస్తాను. కళ్ళు మూసుకుని కూడా ఉల్లిపాయ ఎక్కడి దాకా వచ్చిందో చెప్పవచ్చు. మా అమ్మమ్మకు చివరి రోజుల్లో చూపు ఆనేది కాదు. వసారాలో కూర్చుని వంటింట్లో ఉన్న మా అమ్మకు చెప్పేది, "ఇంకా నీళ్ళున్నాయే, అప్పుడే కారం వేయకు" అని. ఎలా తెలిసేది? ఈ మోత వల్లే.

ఇప్పుడు లెక్క చూద్దాం. వంద గ్రాముల ఉల్లిపాయలో సుమారు 89 గ్రాములు నీళ్ళే. అంటే ఈ అర కిలోలో 440 గ్రాములకు పైగా నీళ్ళు. ఉల్లిపాయ అనే పదార్థం ఉన్నది యాభై, అరవై గ్రాములు మాత్రమే! మనం కొనేది నీళ్ళు, మోసుకొచ్చేది నీళ్ళు, తరిగేటప్పుడు ఏడ్చేది కూడా... సరే, అది వేరే సంగతి.

నీళ్ళు ఎంత మంట పెట్టినా వంద డిగ్రీలు దాటవు, అక్కడి నుంచి ఆవిరైపోతాయి. ఇది ఏడో తరగతి పాఠం. ఉల్లిపాయ ఎర్రబడాలంటే, ఆ కమ్మటి వాసన రావాలంటే వంద డిగ్రీలు చాలవు. నూట నలభై దరిదాపుల్లోకి వెళితే గాని ఆ రంగు, ఆ వాసన చురుగ్గా పుట్టవు. ఉల్లిలోని చక్కెరలూ, మాంసకృత్తుల తునకలూ వేడికి కలిసి కొత్త వాసనలవుతాయి. 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఈ మార్పును వివరించాడు కాబట్టి ఆయన పేరే దానికి పెట్టారు. పెసరట్టు అంచు ఎర్రబడడం, కాల్చిన రొట్టె మీద మచ్చలు రావడం, అన్నీ ఇదే. మరి ఉల్లిపాయలో నీళ్ళున్నంతసేపు అది వంద దాటగలదా? దాటలేదు. దాటలేదు కాబట్టి ఎర్రబడదు. అందుకని మొదటి పావుగంట మనం చేసేది ఒక్కటే పని, నీళ్ళు పోగొట్టడం. ఐదు నిమిషాల్లో బంగారు రంగు వచ్చేస్తుందని వీడియోల్లో చెబుతారు చూడండి, అది వంట పని కాదు, కత్తిరింపు పని. మధ్యలో ఇరవై నిమిషాలు కత్తిరించేశారు.

బాబూ, ఇప్పుడు ఒకసారి తిప్పు. అడుగు నుంచి. చాలు.

పెద్దమ్మ గారు ఏదో అంటున్నారు. ఉప్పు వేయలేదా? వేయలేదు. మీరు పట్టుకుంటారని ఎదురు చూస్తున్నాను. ఇదిగో, అర చెంచా కల్లుప్పు. ఇప్పుడు వేస్తే ఉప్పు ఉల్లిపాయలోంచి నీళ్ళను బయటికి లాగుతుంది, ముక్క త్వరగా మెత్తబడుతుంది. మొత్తం కూరకు కావలసిన ఉప్పు ఇప్పుడే వేయకండి. ఇదంతా చివరికి దగ్గర పడుతుంది కదా, ఇప్పుడు సరిపోయిన ఉప్పు అప్పుడు ఎక్కువవుతుంది. కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు. ఎర్రదనం తొందరగా వచ్చే మాట నిజమే. ముక్క మాత్రం పేస్టయిపోతుంది, సోడా వాసన ఎక్కడో నాలుక వెనక మిగిలిపోతుంది. నాకు నచ్చదు.

బాబూ, మూకుడు మీద మూత పెట్టు. ఇవి మగ్గేలోపు ఒక మాటల సంగతి చెబుతాను. మా అమ్మ తన జన్మలో 'గ్రేవీ' అన్న మాట అనలేదు. మీ అమ్మగారు అన్నారా, పెద్దమ్మ గారూ? లేదు కదా. అంటే వాళ్ళు గ్రేవీ చేయలేదా? చేశారు. దానికి పది పేర్లు పెట్టుకున్నారు. పలచగా, పుల్లగా ఉంటే పులుసు. దగ్గరగా, ముక్కకు పట్టి ఉంటే ఇగురు. గుజ్జుగా ఉంటే ముద్దకూర. హైదరాబాదు వైపు మాంసం ఉడికిన రసం షేర్వా, పల్లీలు నువ్వులు పడితే సాలన్. ఇవన్నీ పోయి ఇప్పుడు రెండే మిగిలాయి, గ్రేవీ, ఫ్రై. హోటల్లో కూర్చోగానే అడిగేది కూడా ఈ రెండే. నాకు కోపమేమీ లేదు, నేనూ అంటాను. కానీ ఇగురు అన్న మాటను కాస్త ఆగి చూడండి. ఇగరడం అంటే ఏమిటి? నీరు ఆవిరై తగ్గిపోవడం. చెరువు ఇగిరిపోయింది అంటాం, పాలు ఇగరబెట్టాం అంటాం. కూరకు పేరే అది పెట్టారు. ఎలా చేయాలో పేరులోనే చెప్పి పెట్టారు, మనం పేరు మార్చుకున్నాం, పద్ధతి మరిచిపోయాం.

ఇంకా చెబుతాను. ఉడకడం, మగ్గడం, వేగడం, ఇగరడం. నాలుగు మాటలు. నాలుగింటిలోనూ పొయ్యి ఒకటే, ముక్క ఒకటే. తేడా ఎక్కడుంది? నీళ్ళ దగ్గర. బయట నుంచి పోసిన నీళ్ళలో అయితే ఉడుకుతుంది. తన నీళ్ళలో తానే మూత కింద మెత్తబడితే మగ్గుతుంది. నీళ్ళు పోయి నూనె మిగిలాక వేగుతుంది. పోసిన నీళ్ళు కూడా పోతే ఇగురుతుంది. మంచి గ్రేవీకి ఈ నాలుగూ కావాలి, వరసగా కావాలి. మగ్గాలి, వేగాలి, అప్పుడు నీళ్ళు పోస్తే ఉడకాలి, ఆఖరున ఇగరాలి. మా వీధి పిల్లలు ఏం చేస్తున్నారు? మగ్గడం కాగానే వేగనివ్వకుండా నీళ్ళు పోస్తున్నారు. ముక్కలు ఒకవైపు, నీళ్ళు ఒకవైపు రాక ఏమవుతుంది?

మరి ఇంగ్లీషువాళ్ళ 'గ్రేవీ' ఎక్కడిది? దానిది తమాషా కథ. పాత ఫ్రెంచిలో 'గ్రానే' అని ఒక వంట మాట ఉండేది, గింజ అన్న మాటకు చుట్టం. చేతిరాత ప్రతుల్లో 'న' అక్షరం, 'వ' అక్షరం ఒకేలా ఉండేవి, మన 'ప', 'వ' లాగా. ఎవరో పొరబడి చదివారు, 'గ్రానే' కాస్తా 'గ్రేవీ' అయింది. నిఘంటువులు చేసే పెద్దలు ఇలాగే జరిగి ఉంటుందని అంటారు. 14వ శతాబ్దం చివర ఇంగ్లండులో రెండో రిచర్డ్ రాజుగారి వంటవాళ్ళు కూర్చిన వంటల పుస్తకంలో కుందేలు మాంసానికి ఒక గ్రేవీ ఉంది. దాన్ని దేనితో చిక్కబరిచారు అనుకున్నారు? బాదంపప్పు నూరి! ఈనాటి ఇంగ్లీషు గ్రేవీలో మాంసం కాల్చినప్పుడు కారిన కొవ్వులో మైదా వేయించి రసం పోస్తారు గాని, ఆరు వందల ఏళ్ళ కింద వాళ్ళదీ మనదీ ఒకే దారి. పొట్టు తీసిన పప్పు, రోలు, రోకలి.

బాబూ, మూత తీయి. ఆవిరి మొహానికి కొట్టకుండా పక్కకు తీయి. చూడండి, ముక్క అద్దంలా అయింది, పరిమాణం సగానికి పడిపోయింది. మోత కూడా తగ్గింది. ఇక మూత పెట్టకు. మూత పెడితే ఆవిరి మూతకు తగిలి మళ్ళీ నీళ్ళై మూకుట్లోకే పడుతుంది. పోగొట్టాల్సిన నీళ్ళను మనమే దాచి పెట్టినట్టు.

ఈ జాడీ సంగతి ఇప్పుడు చెబుతాను. ఇందులో యాభై గ్రాముల పల్లీలు, యాభై గ్రాముల నువ్వులు, ఒక పాతిక గ్రాముల ఎండు కొబ్బరి ఉన్నాయి. విడివిడిగా వేయించాను. కలిపి ఎందుకు వేయించకూడదు? పల్లీ లోపలి దాకా వేగడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది, అప్పటికి నువ్వు మాడి చేదెక్కుతుంది. నువ్వులు చిటపటమని ఒకటి రెండు ఎగరగానే దించేయాలి. దించాక కూడా వేడి మూకుట్లో ఉంచకూడదు, పళ్ళెంలోకి తీసేయాలి. ఒక్క గుప్పెడు నువ్వులు మాడితే కూరంతా చేదు. చింతపండు పోసినా, బెల్లం వేసినా ఆ చేదు పోదు. పల్లీలకు పొట్టు తీశాను. తర్వాత నీళ్ళు పోయకుండా రుబ్బాను. నీళ్ళు లేకుండానే ఇంత మెత్తగా ఎలా నలిగింది? పల్లీలో సగం దాకా నూనే. నువ్వులోనూ అంతే. ఎండు కొబ్బరిలో ఇంకా ఎక్కువ.

ఇప్పుడు మీకు ఒక వింత చూపిస్తాను. ముందు వరుసవాళ్ళు లేచి రండి, పరవాలేదు. ఈ గిన్నెలో రెండు చెంచాల ముద్ద వేశాను. జారుగా ఉంది కదా, చెంచా నుంచి కారుతోంది. ఒక చెంచా నీళ్ళు పోస్తున్నాను. పలచబడాలి కదా? కలుపుతున్నాను. చూశారా? గట్టిపడింది! మైనంలా బిగుసుకుపోయింది, రంగు కూడా తెల్లబడింది. నీళ్ళు పోస్తే గట్టిపడడమేమిటి? ఈ చోటే చాలామంది భయపడతారు. పాడైపోయిందనుకుని పారబోసినవాళ్ళు నాకు తెలుసు. కొద్ది నీళ్ళు పడేసరికి, నూనెలో తేలుతున్న పిండి రేణువులన్నీ ఆ తడిని పట్టుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. భయపడకండి. ఇంకో రెండు చెంచాలు పోస్తున్నాను, ఇంకొకటి. కలుపుతూ ఉండండి. అదిగో, వదులైంది. ఇప్పుడు మజ్జిగలా, నున్నగా జారుతోంది. నూనె, నీళ్ళు ఇక విడివిడిగా లేవు. గ్రేవీకి చిక్కదనం ఇచ్చేది ఇదే, మైదా కాదు, జొన్నపిండి కాదు.

పిండితో చిక్కబరచడం మనకు లేదనుకోకండి. పులుసులో బియ్యప్పిండి కలపమా? మజ్జిగ పులుసులో శనగపిండి లేకపోతే మజ్జిగ విరిగిపోదూ? పిండిని మాత్రం చల్లటి నీళ్ళలో కలిపి పోయాలి. కాగుతున్న పులుసులో పొడిగా చల్లితే ప్రతి రేణువుల గుంపూ పైపైన జిగురై లోపలికి నీరు పోనివ్వదు, ఉండలు కడుతుంది. ఆ ఉండలను గరిటెతో వెంటాడడం కంటే దుఃఖం లేదు.

ఆగండి. ఇప్పుడు మళ్ళీ అందరూ నిశ్శబ్దం. వినండి.

తేడా తెలిసిందా? చుయ్ మనే మోత పోయింది. సన్నగా, పొడిగా చిటచిట. నీళ్ళు అయిపోయాయి. రంగు చూడండి, అంచులు ఎర్రబడుతున్నాయి. ఇక్కడి నుంచి బాబూ, నువ్వు గరిటె వదలకూడదు. ఇంతసేపు ఎంత నిదానంగా ఉందో, ఇక అంత వేగంగా ఉంటుంది. ఇరవై నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, ఆఖరి మూడు నిమిషాల్లో అంతా జరిగిపోతుంది. ఫోను మోగేది కూడా సరిగ్గా అప్పుడే. ఎత్తకండి.

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. ఈ ఆఖరి మూడు నిమిషాలకు అక్కడ ఇంటి కప్పులో పొగ గంట మోగుతుంది. మొదటిసారి మోగినప్పుడు గరిటె పట్టుకుని మెట్ల మీదకు పరుగెత్తిందట. ఇప్పుడు కిటికీ తీసి, కింద తువ్వాలుతో విసరడానికి అల్లుణ్ణి నిలబెట్టి మరీ ఉల్లిపాయలు వేయిస్తుంది. అక్కడి పెద్ద పసుపు ఉల్లిపాయలతో కూర తియ్యగా వస్తోందని అంటే, ఎర్రవి చూసుకోమన్నాను.

అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు చెంచాలు. చూశారా, మళ్ళీ చుయ్ మంది. ఎందుకు? ముద్దలో నీళ్ళున్నాయి. పచ్చి వాసన పోయేదాకా వేయించండి అని ప్రతి వంటల పుస్తకంలోనూ ఉంటుంది. ఎప్పుడు పోతుంది? ఆ నీళ్ళు పోయినప్పుడు. మళ్ళీ మోత తగ్గినప్పుడు. ప్రతిసారీ అదే కథ. ఏది వేసినా దాని నీళ్ళు పోవాలి, తర్వాతే రెండోది వేయాలి. అన్నీ ఒకేసారి వేసి మూత పెడితే ఉడుకుతాయి, వేగవు.

ఇప్పుడు మంట బాగా తగ్గించాను. పసుపు పావు చెంచా, కారం రెండు చెంచాలు, ధనియాల పొడి రెండు, జీలకర్ర పొడి ఒకటి. కారం నూనెలో ఎందుకు వేయాలి, నీళ్ళలో ఎందుకు వేయకూడదు? మిరపలోని ఎరుపు నూనెలో కరుగుతుంది, మంట నూనెలో కరుగుతుంది, పసుపులోని పసుపుదనం కూడా అంతే. నీళ్ళలో వేస్తే పొడి పొడిగానే తేలుతుంది, నాలుకకు ఇసుకలా తగులుతుంది. కానీ కాగిన నూనెలో కారం పది సెకన్లలో నల్లబడుతుంది. అందుకని వేసిన వెంటనే రెండు చెంచాల వేడి నీళ్ళు చిలకరించండి. చూడండి ఎలా ఎర్రబడిందో! ఎర్రదనం ఎక్కువ, మంట తక్కువ కావాలంటే బ్యాడిగి మిరపకాయలు. గుంటూరు కారం అయితే చెంచా తగ్గించుకోండి, మా బంధువులు నన్ను క్షమించాలి, వాళ్ళు పెంచుకోవచ్చు.

టమాటా ఏదీ అని అడుగుతున్నారు. వేయడం లేదు. వేస్తే తప్పేమీ లేదు, టమాటాలో వందకు తొంభై నాలుగు వంతులు నీళ్ళు, వాటిని కూడా పోగొట్టే ఓపిక ఉంటే వేసుకోండి. నాకు ఇవాళ చింతపండు ఉంది. పైగా టమాటా మనకు కొత్త. మిరపా కొత్తదే, పల్లీ కొత్తదే. మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. 1498లో వాస్కో డ గామా కాలికట్ రేవులో దిగాక, పోర్చుగీసు ఓడల రాకపోకలు మొదలయ్యాక గాని మిరప ఇక్కడికి చేరలేదు. అంతకు ముందు కారమంటే మిరియాలే, మిరప పేరులోనే మిరియం ఉంది. మనం మన తాతల నాటి వంట అనుకునే ఈ సాలన్‌లో, నువ్వూ చింతపండూ పాత కాపులైతే పల్లీ, మిరప కొత్తగా వచ్చి స్థిరపడినవాళ్ళు. ఇప్పుడు ఎవరు ముందు వచ్చారో రుచి చూసి చెప్పగలరా?

జాడీలో ముద్దనంతా ఇందాకటిలాగే నీళ్ళతో వదులు చేసి ఇప్పుడు వేస్తున్నాను, అందుకని ఉండ కట్టదు. అడుగంటడం మొదలుపెట్టేది ఇదే, గరిటె అడుగుకు ఆనించి గీరు బాబూ. రెండు నిమిషాలు.

చింతపండు ఇంతసేపు ఎందుకు ఆపాను? పెళ్ళయిన కొత్తలో మా అత్తవారింట్లో గుత్తి వంకాయ చేశాను. పదిమంది భోజనానికి కూర్చున్నారు. మసాలా బ్రహ్మాండంగా కుదిరింది. తొందరలో చింతపండు ముందు పోసి తర్వాత వంకాయలు వేశాను. అరగంట ఉడికింది, ముప్పావుగంట ఉడికింది, వంకాయ బిరుసుగానే ఉంది. మా మామగారు వంకాయను వేలితో పక్కకు జరిపి పులుసు మాత్రం కలుపుకుని తిన్నారు, ఒక్క మాట అనలేదు. ఆ మౌనం ఇప్పటికీ గుర్తు. కాయగూరల కణాలను పట్టి ఉంచే పెక్టిన్ అనే బంక ఒకటి ఉంటుంది, అది మామూలుగా వేడికి కరుగుతుంది, పులుపులో కరగదు. కందిపప్పు ఉడకకముందు చింతపండు పోస్తే ఏమవుతుందో మీ అందరికీ తెలుసు. అదే సంగతి. చేపల పులుసుకూ, బెండకాయ పులుసుకూ ఇదే మేలు చేస్తుంది, ముక్క చెదరదు. వంకాయ మాత్రం ముందు నూనెలో మెత్తబడాలి, తర్వాతే పులుపు.

గుజ్జు పోశాను. ఇప్పుడు ఫ్లాస్కు. చూశారా, ఇంతసేపు కష్టపడి నీళ్ళు పోగొట్టి, ఇప్పుడు అర లీటరు నీళ్ళు పోస్తున్నాను. ఇదేం తిక్క అనిపిస్తుంది. పోయినవి ఉల్లిపాయ పచ్చి నీళ్ళు. వాటితో పాటు ఘాటు పోయింది, వాటి జాగాలో రుచి పుట్టింది. ఇప్పుడు పోసే నీళ్ళు ఆ రుచిని కరిగించుకుని ముక్కకు చేరవేస్తాయి. చన్నీళ్ళు పోయకండి, ఉడుకు ఆగిపోతుంది, మళ్ళీ కాగేదాకా కూర వేచి ఉండాలి. అడుగున అంటుకున్న గోధుమరంగు పొరను కూడా గీరి కలపండి, అది మాడు కాదు. నల్లగా ఉంటే మాడు. మాడితే గీరకండి, పైది వేరే గిన్నెలోకి వంచేసుకుని నోరు మూసుకోండి, ఎవరికీ తెలియదు.

సన్నటి సెగ మీద పది, పన్నెండు నిమిషాలు. ఇందులో ప్రశ్నలు అడగండి.

ఉప్పెక్కువైతే బంగాళాదుంప వేయాలా? వేయండి, దుంప తినడానికి బాగుంటుంది. అది ఉప్పునొక్కదాన్నే ఏరుకుని తాగదమ్మా, ఉప్పు నీళ్ళనే తాగుతుంది. మిగిలిన పులుసు అంతే ఉప్పగా ఉంటుంది. ముద్ద పెంచాలి, నీళ్ళు పెంచాలి, అతిథులను పెంచాలి.

హోటల్లో పావుగంటలో ఎలా తెస్తారు? వాళ్ళకు పొద్దునే ఈ పని అయిపోయి ఉంటుంది. ఎర్రటిది ఒకటి, జీడిపప్పుతో చేసిన తెల్లటిది ఒకటి, పెద్ద గిన్నెల్లో సిద్ధంగా ఉంటాయి. మీరు అడిగాక వాటిలో ముక్క వేసి కలపడమే. మీరూ అలా చేసుకోవచ్చు. ఆదివారం కిలో ఉల్లిపాయలు వేయించి, మసాలా వేసి, నీళ్ళు పోయకముందే, విన్నారా, నీళ్ళు పోయకముందే తీసి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచుకోండి. వారం మధ్యలో రెండు గరిటెలు తీసి, వేడి నీళ్ళు పోసుకుంటే కూర అయిపోతుంది. నీళ్ళు పోశాక దాచితే త్వరగా పాడవుతుంది.

నూనె తగ్గించవచ్చా? సగానికి తగ్గించండి, ఉల్లిపాయ అంటుకున్నప్పుడల్లా చెంచాడు నీళ్ళు చిలకరించి గీరుతూ రండి. ఇంకో పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. అసలు నూనె లేకుండా అంటే, దానికి నేను కాదు, వైద్యుడు గారు రావాలి.

మాటల్లో మరిచిపోయాం, చూడండి, చూడండి. అంచుల చుట్టూ ఎర్రటి నూనె. ముందు చిన్న చిన్న చుక్కలు, ఇప్పుడు కలిసి ఒక గీతలా అయింది. మధ్యలో బుడగలు కూడా మారాయి, ఇందాక గబగబా పొంగేవి, ఇప్పుడు బరువుగా బుళుక్, బుళుక్ మంటున్నాయి. నూనె తేలడమంటే ఇదే. ఈ ఎర్రటి నూనెలో కొంత మనం పోసింది కాదు, పల్లీ, నువ్వు వదిలినది. బాబూ, గరిటె వెనక వైపు ముంచి తీయి. వేలితో మధ్యలో గీత గీయి, కాలుతుంది, నెమ్మదిగా. గీత నిలిచిందా? పైనుంచి జారి కలిసిపోలేదు కదా? దించవచ్చు. చల్లారితే ఇంకా గట్టిపడుతుంది, అందుకని మీకు కావలసిన దానికంటే కాస్త పలచగా ఉన్నప్పుడే దించుకోవాలి.

ఈ డబ్బాలో బజ్జీ మిరపకాయలు, చీల్చి నూనెలో మచ్చలు వచ్చేదాకా వేయించి తెచ్చాను. ఇవి వేస్తే మిర్చీ కా సాలన్, హైదరాబాదులో బిర్యానీ పక్కన పెట్టేది. వంకాయలు వేస్తే బగారా బైంగన్. ఉడికించిన గుడ్లు వేసుకుంటారా, మీ ఇష్టం.

పెద్దమ్మ గారూ, మొదటి గరిటె మీకే. ఉప్పు చూడండి. ఊదుకుని, ఊదుకుని.

ఏమంటారు? ఉప్పు సరిపోయింది, పులుపు ఇంకొంచెం పడాలా? నాకూ అదే అనుమానం. బాబూ, ఆ గిన్నెలో చింతపండు గుజ్జు మిగిలిందేమో చూడు.